ఫోర్‌సైట్ కింద ఆకురాయి

మా ఇల్లు కారెంపూడిలో, నాగులేటికి దగ్గర. నాయనది కొలిమి. కర్రులు సాగగొట్టేవాడు, కొడవళ్ళకు కక్కు కొట్టేవాడు, బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాడు. నేను పోలీసు శాఖలో ఆర్మరర్ పనికి వెళ్తానంటే రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "హనుమంతును కొట్టిన తుపాకులు బాగుచేస్తావంట్రా?" అన్నాడు.

మా వైపు ఆ మాట చిన్నది కాదు. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమంటే కట్టం అన్న మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పుల్లో పోయాడు. అదే ఏడు ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణా మీద పడి ఆయుధాలు పట్టుకుపోయింది. అప్పటికే 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేని తుపాకి నేరమైపోయింది. మా కొలిమిలో ఈటె మొన తెలుసు, గొడ్డలి తెలుసు. తుపాకి ఎప్పుడూ అవతలి పక్షందే.

అయినా నేను వెళ్తుంటే నాయన మూటగట్టి ఒక ముక్కోణపు ఆకురాయి ఇచ్చాడు. ఒక ముఖానికి పళ్ళు లేవు. ఆయనే సాన మీద అరగదీసి నున్నగా చేశాడు. ఎందుకో అప్పుడు చెప్పలేదు.

నా చేతికొచ్చినవి త్రీనాట్‌త్రీ రైఫిళ్ళు, మార్క్-3 లీ ఎన్‌ఫీల్డ్‌లు. ఆ నమూనా 1907 నాటిది. బెంగాల్లోని ఇషాపూర్‌లో మన దేశంలోనే తయారైంది. 1960లలో ఇషాపూర్ 7.62 మి.మీ. రకానికి మళ్ళినా, ఠాణాల్లో త్రీనాట్‌త్రీ దశాబ్దాలు నిలిచింది. గొట్టం కొసన ఉండే దిమ్మలో అడ్డంగా ఒక గాడి ఉంటుంది. కింద వెడల్పు, పైన ఇరుకు. పెట్టె మూలల్లో వడ్రంగి వేసే పట్టు లాంటిదే. మేం డవ్‌టెయిల్ అనేవాళ్ళం. ఫోర్‌సైట్ పలక, అంటే గురి చూసే ముందు పలక, అందులో పక్కనుంచి దూరుతుంది. మేకూ ఉండదు, అతుకూ ఉండదు. బిగుతే దాని బలం.

కొత్త పలక గాడికి కాస్త లావుగా వస్తుంది. అరగదీయాల్సింది పలకనే, గాడిని ముట్టకూడదు. మొదటి ఏడు నేను తొందరపడి గాడి అంచు మీద ఆకురాయి పెట్టాను. చాందమారిలో, అంటే గురి సాధన మైదానంలో, పది గుళ్ళు పేల్చేసరికి పలక కదిలిపోయింది. దిమ్మ మొత్తం మార్చాల్సి వచ్చింది. ఆ రాత్రే నాయన ఇచ్చిన ఆకురాయి అర్థమైంది. పలక ఏటవాలు అంచును పళ్ళున్న ముఖం కొరుకుతుంటే, నున్నటి ముఖం పక్క భాగాన్ని గీకకుండా జారుతుంది.

గాడిలో దీపపు మసి పట్టించి పలక నెట్టి తీస్తే, ఒరుసుకున్న చోట నల్లగా అంటుతుంది. అంతమేరే రెండు మూడు సార్లు తోమాలి. మళ్ళీ మసి, మళ్ళీ చూడటం. ఆకురాయి పళ్ళలో రజను ఇరుక్కోకుండా సుద్ద రాయాలి. పలక మూడో వంతు వేలితో పోవాలి, మిగతాది ఇత్తడి కడ్డీ పెట్టి చిన్న సుత్తితో కొట్టాలి. ఇత్తడైతే ఉక్కుకు గంటు పడదు.

గుండు కుడికి పోతే ఫోర్‌సైట్‌నూ కుడికే జరపాలి. పైకి పోతే ఎత్తు పలక వేయాలి. కొత్తవాళ్ళు ఎప్పుడూ తిరగేసి చేసేవాళ్ళు. పలకల ఎత్తులు అంగుళంలో వెయ్యికి పదిహేను వంతుల తేడాతో వచ్చేవి. వంద గజాల దగ్గర ఆ తేడా మూడంగుళాలకు కాస్త తక్కువ. గురి కుదిరాక పలకకూ దిమ్మకూ కలిపి ఒక సన్నగీత గీసి పెట్టేవాణ్ణి.

ఈ పనిలో నాకు కోపం వచ్చేది ఒక్కదానికే, "గాల్లోకి కాల్చే తుపాకికి ఇంత ముచ్చటెందుకు" అనే మాటకు. మోకాలి కింద కొట్టమని ఉత్తర్వు ఉన్నప్పుడు గుండు మోకాలి కిందే తగలాలి. ఫోర్‌సైట్ ఎత్తు తప్పితే అదే గుండు ఇంకా పైన దిగుతుంది.

ఒక కార్తీక అమావాస్యకు సెలవు మీద వచ్చాను. పల్నాటి వీరుల గుడి దగ్గర కొణతాలు, అంటే ఆ వీరుల ఆయుధాలు, ఎత్తుకుని జనం వస్తున్నారు. నాయన చేతులు జోడించి నిలబడి, అవి వెళ్ళాక, "మీ తుపాకులకు గురి ఎవరు కుదురుస్తారు?" అన్నాడు. నేనేనన్నాను, మసి సంగతీ గీత సంగతీ చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. నా కుడిచేయి పట్టుకుని, ఆకురాయి ఒత్తి బొటనవేలి పక్కన కట్టిన కాయను తన వేలితో తడిమి చూశాడు.