కుళ్ళిన వంకాయ కింద దొరికిన మందు

ఈసారి ఊరి చరిత్ర కాదు, ఒక క్రిమి చరిత్ర రాస్తున్నాను. కొంచెం పొడుగే. ఇంట్లో డిగ్రీ సైన్సు చదివే పిల్లలుంటే వాళ్ళ చేత కూడా చదివించండి.

1896లో ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త గంగ, యమున నీళ్ళను పరీక్షించి ఒక సంగతి ప్రకటించాడు. కలరా క్రిములను ఆ నీళ్ళలో వేస్తే కొన్ని గంటల్లో చచ్చిపోతున్నాయి. నీళ్ళు కాచితే ఆ గుణం పోతోంది. ఎందుకో ఆయనకు తేలలేదు. 1917లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెలిక్స్ డెరెల్ రక్తవిరేచనాల బాక్టీరియాను నాశనం చేసే ఇంకా చిన్న జీవిని చూసి, దానికి బాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టాడు. బాక్టీరియాను తినేది అని అర్థం. అది ఒక వైరస్. మన ఒంటి కణాల జోలికి రాదు. తనకు సరిపోయిన బాక్టీరియాలోకి దూరి, లోపలే పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. హాంకిన్ చూసింది దీని పనేనని చాలామంది అంటారు, కాదనేవాళ్ళూ ఉన్నారు.

1927లో డెరెల్ మన దేశానికే వచ్చి, పంజాబులో కలరా రోగులకు ఫేజ్ ఇచ్చి చూశాడు. తర్వాత అస్సాంలోని నౌగాంగ్‌లోనూ పెద్ద ఎత్తున వాడి చూశారు.

మరి ఆ మందు ఏమైపోయింది? యాంటీబయాటిక్స్ వచ్చాయి. అందులో మన తెలుగువాడి పాత్ర కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనకు అధిపతిగా ఉన్నప్పుడే అక్కడ ఆరియోమైసిన్ తయారైంది. 1948లో దాన్ని ప్రకటించారు, ఆ ఏడాదే ఆయన పోయారు. ఒక్క మాత్ర పది రకాల బాక్టీరియాను చంపుతుంటే, ఒక్కోదానికి ఒక్కో ఫేజ్‌ను వెతికే ఓపిక ఎవరికుంటుంది? జార్జియా, రష్యా లాంటి చోట్ల తప్ప ఫేజ్ వైద్యం మూలపడింది.

అయినా ల్యాబుల్లో ఫేజ్‌ల చదువు ఆగలేదు. బెంగళూరు ఐఐఎస్‌సిలో సుందర్ రాజ్, రామకృష్ణన్ అనే శాస్త్రవేత్తలు, టీబీ బాక్టీరియాకు దాయాది అయిన స్మెగ్మాటిస్ మీద ఐ3 అనే ఫేజ్‌తో చేసిన పని 1970లో నేచర్ పత్రికలో వచ్చింది. బంగారుపేటలో పొద్దున రైలెక్కితే టిఫిన్ వేళకు చేరే దూరంలో జరిగిన పని ఇది.

ఆ స్మెగ్మాటిస్‌నే పట్టుకుని, 2008లో అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ గ్రాహం హాట్‌ఫుల్, హోవార్డ్ హ్యూస్ సంస్థ కలిసి ఒక పథకం మొదలుపెట్టారు. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు చేరెడు మట్టి తెస్తారు. దాన్ని నీళ్ళలో కలిపి వడగట్టి, బాక్టీరియా పెరిగే పళ్ళెంలో వేస్తారు. ఫేజ్ ఉన్నచోట బాక్టీరియా చచ్చి చిన్న తేటమచ్చ పడుతుంది. ఆ ఫేజ్‌ను వేరుచేసి, పేరు పెట్టి, దాని జీనోమ్ చదివిస్తారు. వరుసగా నలభై యాభై వేల అక్షరాలు, కొన్నింటికి లక్ష దాటతాయి. ఏ జీన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పిల్లలే గుర్తించాలి. గీతల్లేని గూడ్స్ రిజిస్టరులో ఒక్కో పద్దు విడదీయడం లాంటి పని. ఇప్పుడు వందకు పైగా కాలేజీల్లో నడుస్తోంది.

దీనివల్ల ఏమొచ్చిందంటారా? 2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక విద్యార్థిని కుళ్ళిన వంకాయ అడుగు నుంచి ఒక ఫేజ్‌ను పట్టి మడ్డీ అని పేరు పెట్టింది. 2018లో లండన్‌లో ఊపిరితిత్తులు మార్చిన పదిహేనేళ్ళ అమ్మాయికి, ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకింది. మడ్డీతో పాటు ఇంకో రెండు ఫేజ్‌లు కలిపి ఎక్కించారు. ఆ రెండూ బాక్టీరియాను చంపకుండా లోపలే నిద్రపోయే రకం. నిద్రపుచ్చే జీన్‌ను తీసేశారు. జీనోమ్ ముందే చదివి ఉంచారు కాబట్టే ఏది తీయాలో తెలిసింది. పూర్తిగా నయమైందని చెప్పను, కానీ పుండ్లు మానాయి, ఇంటికి వెళ్ళింది.

ఇది మనకెందుకు? కేజీఎఫ్ గనుల రాతిదుమ్ము మన పెద్దల ఊపిరితిత్తుల్ని తినేసింది. ఆ సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టీబీ తొందరగా పడుతుంది. మందులకు లొంగని టీబీ ఇప్పుడు దేశమంతా ఉంది. అట్లని ఫేజ్ టీబీకి మందైపోయిందని అనుకోవద్దు, డాక్టరు రాసిన మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దు. ఇంకో సంగతి, 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకంలో బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి మన జిల్లా చెరువులకు వదులుతున్నారు. మురుగు ఉన్నచోట బాక్టీరియా, అది ఉన్నచోట ఫేజ్. ఆ నీళ్ళలో ఏముందో మనవాళ్ళు కూడా చూడాలి కదా.

నంగలి చుట్టుపక్కల టమాటా తోటల్లో కుళ్ళిన కాయలకు, చెరువు మట్టికి కొదవలేదు. కొదవ ఉన్నది పిల్లల చేతికి నిజమైన పని ఇవ్వడంలోనే. రికార్డు బుక్కులో సీనియర్లది చూసి బొమ్మ దించితే మార్కులొస్తాయి, అంతే. కోలారు, ముళబాగిలు, కేజీఎఫ్ కాలేజీల్లో మైక్రోబయాలజీ చెప్పే మాస్టర్లు, మేడంలు మన సభ్యుల్లో ఉంటే కింద రాయండి. ఏడాదికి పదిమంది పిల్లలతో మొదలుపెట్టాలంటే ల్యాబులో ఏం కావాలి, ఎంతవుతుంది? లెక్క తెలిస్తే, వచ్చే మీటింగులో పెట్టే పూచీ నాది.