మధ్యలో బడి మానేసే పిల్లల ఇంగ్లీషు

ఇంగ్లీషు చదువు గురించి మాట్లాడాల్సి వస్తే మనం మెకాలే దగ్గర మొదలుపెట్టి మెకాలే దగ్గరే ఆగిపోతాం. 1835 నాటి ఆయన నివేదిక మీద జరిగినంత చర్చ ఆరో తరగతి పిల్ల చేతిలోని రీడరు మీద జరగలేదు. అందులో ఏ మాటలుండాలో ఎవరు తేల్చారు? ఎవరిని దృష్టిలో పెట్టుకొని తేల్చారు?

ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీ నడిపిన మైకేల్ వెస్ట్ 1926లో బెంగాల్ బడుల మీద ఒక పుస్తకం రాశాడు. బడిలో చేరినోళ్లలో ఎక్కువమంది చివరిదాకా ఉండరు, పాఠాలు మాత్రం కాలేజీకెళ్లే కొద్దిమంది కోసమే నడుస్తాయి. నాలుగేళ్లు చదివి మానేసినోడికి మిగిలేదేంటి? ఇక్కడ వెస్ట్ బీమా కంపెనీల మాట ఒకటి వాడాడు: సరెండర్ వాల్యూ. పాలసీ మధ్యలో ఆపినా ఎంతో కొంత చేతికి రావాలి గదా, చదువూ అట్లనే ఉండాలన్నాడు. అందుకే ముందు చదవడం నేర్పమన్నాడు. ఎక్కువగా వాడే మాటలు ఏరి, కొత్త మాటను ఎడమెడంగా పెట్టి, అది మళ్లీ మళ్లీ ఎదురయ్యేట్టు రీడర్లు తయారుచేశాడు. 1953లో ఆయన అచ్చు వేసిన జాబితాలో సుమారు 2000 మాటలున్నాయి.

వెస్ట్ వలస ప్రభుత్వ ఉద్యోగి. ఆయన వాదన కులం గురించి కాదు. అయినా బడి మానేసి కూలికి, జీతానికి పోయేదెవరు? మన వాడల పిల్లలే గదా! ఆ లెక్కన ఇది మన ప్రశ్నే.

1958లో హైదరాబాదులోనే కేంద్ర ఇంగ్లీషు సంస్థ పెట్టారు. మాట జాబితాలు, ట్రైనింగులు వచ్చాయి. వెస్ట్ అడిగిన ప్రశ్న మాత్రం మా బడిదాకా రాలేదు. మాలో తెలుగు మీడియం సర్కారు బడుల్లో చదివినోళ్లం ఆరో తరగతిలో ఏబీసీడీలు దిద్దినం. సారు ఒక వాక్యం చదివి తెలుగులో అర్థం చెప్పేవాడు. మీనింగులు బోర్డు మీద రాస్తే ఎక్కించుకున్నం, జవాబులు గైడు చూసి బట్టీ పట్టినం. ఇంట్లో ఇంగ్లీషు పేపరొచ్చే పిల్లలకు ఈ లోటు తెల్వలేదు. పదిలో ఇంగ్లీషు పోయి ఆగిపోయిన మా దోస్తులు పురుగుమందు డబ్బా మీది మాటలు కూడా కూడబలుక్కోలేకపోయారు. ఐదేళ్ల ఇంగ్లీషుకు దక్కిన సరెండర్ వాల్యూ అది.

ఇంగ్లీషు నేర్చుకోమని సావిత్రిబాయి ఫూలే 1854లోనే కవిత్వంలో చెప్పింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1 నుంచి 6 తరగతులకు ఇంగ్లీషు మీడియం జీవో తెచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. గొడవంతా మీడియం గురించే నడిచింది. మేము ఇంగ్లీషు మీడియం కోరేవాళ్లమే. కాని రెండో మాటకల్లా ఆగిపోయే పిల్లకు మీడియం మారితే మాటలు వాటంతటవే రావు. హాస్టల్ స్టడీ అవర్లో నోట్సు తిరగరాయించే బదులు, పిల్లలు తమంతట తాము చదువుకోగల చిన్న పుస్తకాలు ఓ నలభై పెట్టాలి. వాటిలో డప్పూ, నాట్లూ, చెప్పులు కుట్టే తాతా ఉండాలంటే మాత్రం మనమే కూర్చొని రాయాలి.