కోతకాలంపై హక్కు: మలుకు తీరగ్రామాల జీవనంలో ‘ససి’ ఆచారం – ఒక చారిత్రక పరిశీలన

ఇండోనేషియా తూర్పు భాగంలో, సులవేసి, న్యూగినీ దీవుల నడుమ ఉన్న మలుకు ద్వీపసమూహం లవంగానికి, జాజికాయకు పుట్టినిల్లుగా ప్రపంచ వాణిజ్య చరిత్రలో ప్రసిద్ధి పొందింది. ఆ సుగంధద్రవ్యాల కోసం పోర్చుగీసు, డచ్, ఇంగ్లీషు వర్తకులు సాగించిన పోరాటాల గురించి విరివిగా రాసిన చరిత్రకారులు, ఆ చెట్లను నాటి, మొగ్గలు కోసి, మిగిలిన కాలమంతా సముద్రాన్ని నమ్ముకొని బ్రతికిన గ్రామీణులకు అంతటి చోటు ఇవ్వలేదు. అంబోన్ దీవికి తూర్పున వరుసగా ఉన్న హరుకు, సపరువా, నుసలౌట్ అనే మూడు చిన్న దీవుల గ్రామాలలో వ్యవసాయం, చేపలవేట ఒకే కుటుంబం చేసుకొనే రెండు పనులు. కొండవాలున తోట, ఒడ్డున పడవ రెండూ కలిస్తేనే ఆ ఇంటికి ఏడాది గడుస్తుంది. తోటలో కాయను, నీటిలో చేపను ఎప్పుడు తీయవచ్చునో, ఎప్పుడు తీయరాదో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్న చుట్టూనే ఈ గ్రామాల నాలుగు శతాబ్దాల చరిత్ర తిరిగిందని, ఆ అధికారం గ్రామం చేతిలో నిలిచిన మేరకే అక్కడి జీవనం నిలకడగా సాగిందని చెప్పడానికి తగిన ఆధారాలు ఆ చరిత్రలోనే ఉన్నాయి.

మధ్య మలుకులో గ్రామాన్ని ‘నెగెరి’ అని, గ్రామపెద్దను ‘రాజా’ అని పిలుస్తారు. కొన్ని వంశాలు కలిసిన విభాగాన్ని ‘సోవా’ అంటారు. ఈ సోవాల పెద్దలు కూర్చొనే గ్రామసభ ‘సనిరి’ కాగా, ఆ సభకు, వ్రతాలకు వేదికయిన మంటపం ‘బైలేవో’. గ్రామపు ఎల్ల ఊరి చివరి ఇంటితోనో ఒడ్డుతోనో ముగియదు. కొండమీది అడవి మొదలుకొని తీరానికి ఆనుకొని ఉన్న పగడపు దిబ్బల వరకు గల నేల, నీరు కలిపి ‘పెతువానన్’ అనే ఊరుమ్మడి పరిధిగా పరిగణింపబడుతుంది. ఆ పరిధిలో కుటుంబాలు పెంచే మిశ్రమ తోటలను ‘దుసుంగ్’ అంటారు. లవంగం, జాజి, దురియన్, కొబ్బరి, బాదంవంటి గింజలనిచ్చే కెనరి చెట్లు ఒకదాని నీడలో ఒకటి పెరిగే ఈ తోటలు చూపరులకు అడవిలా కనిపించినా, ప్రతి చెట్టుకూ నాటినవారి వంశం, అనుభవించే హక్కుదారు ఉంటారు.

ఈ గ్రామాల ప్రధానాహారం చాలాకాలం పాటు బియ్యం కాదు, సేగో. తెలుగునాట సగ్గుబియ్యం కర్రపెండలం పిండితో తయారవుతుండగా, మలుకులో సేగో పిండి చిత్తడి నేలల్లో పెరిగే తాటిజాతి చెట్టు మాను నుంచి వస్తుంది. పూతకు రాబోయే చెట్టును నరికి, మానును చీల్చి, లోపలి బెండును దంచి, నీటితో పిసికి వడగట్టగా అడుగున పేరుకొన్న పిండిని వేడినీటితో జిగురుగా కలిపితే అది చేపల పులుసుతో తినే ‘పపేద’ అవుతుంది. మట్టి అచ్చుల్లో కాల్చి ఎండబెడితే నెలల తరబడి నిలువ ఉండే బిళ్ళలవుతుంది. 19వ శతాబ్ది మధ్యలో ఈ దీవులలో తిరిగిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్, ఒక మంచి చెట్టు ఒక మనిషికి ఏడాది తిండి పెట్టగలదని, అందుకు పట్టే శ్రమ పది రోజులకు మించదని లెక్కగట్టి ఆశ్చర్యపోయాడు. తిండికి ఈ భరోసా ఉన్నందువల్లనే, జూన్ నుంచి ఆగస్టు వరకు తూర్పుగాలులు, కుండపోత వానలు కలిసి సముద్రాన్ని అల్లకల్లోలం చేసే నెలల్లో పడవలు ఒడ్డుకెక్కినా గ్రామాలు ఆకలికి గురికాలేదు. సముద్రం శాంతించాక మగవారు వలలతో, గాలాలతో చిన్న చేపలను, తూర జాతి చేపలను పట్టుకొని వస్తే, వాటిని గంపలకెత్తుకొని ఊరూరా అమ్మి ఇంటికి డబ్బు తెచ్చేది ‘పపలేలే’ అని పిలిచే చిల్లర వర్తకపు స్త్రీలు.

ఈ జీవనానికి వెన్నుగా నిలిచిన ఆచారం ‘ససి’. ఒక పంటను గాని, ఒక జాతి చేపను గాని, ఒక అడవి భాగాన్ని గాని నిర్ణీత కాలం వరకు ఎవరూ ముట్టరాదని గ్రామం ప్రకటించే నిషేధమే ససి; నిషేధం విధించడాన్ని ససి మూయడమని, ఎత్తివేయడాన్ని తెరవడమని అంటారు. లేత కొబ్బరాకులు కట్టిన కొయ్య నిషేధానికి గుర్తు. దాన్ని కాపాడే బాధ్యత ‘కేవాంగ్’ అనే కావలిదళానిది. అతిక్రమించినవారికి జరిమానా విధించే అధికారం కూడా ఈ దళానికి ఉంటుంది. హరుకు గ్రామంలో సముద్రానికి, నదికి, అడవికి, ఊరి నడవడికి వేర్వేరు ససులు ఉన్నాయి. వాటిలో పేరెన్నికగన్నది లొంపా అనే చిన్న చేపకు సంబంధించినది. లొంపా పిల్లలు ఊరి పక్కన సముద్రంలో కలిసే లెయరిస కయేలి నది ముఖద్వారంలోకి గుంపులుగా చేరి, పగలు నదిలో ఉండి, రాత్రి మేతకు సముద్రంలోకి వెళ్ళి, తెల్లవారకముందే తిరిగి వస్తుంటాయి. అవి ఎదిగే కొన్ని నెలల పాటు వాటిని పట్టడం నిషిద్ధం. కాలం పండిందని పెద్దలు తేల్చిన తరువాత, చేపలు నదిలోకి చేరిన వేళ చూసి ముఖద్వారానికి వల అడ్డుకట్టి ససి తెరవగానే, ఊరంతా, పొరుగూళ్ళ వారితో సహా నదిలోకి దిగుతుంది. ఒకరు ముందుగా దోచుకొనే వీలు లేకుండా, అందరూ ఒకే రోజున, ఎదిగిన చేపనే పట్టుకొనేలా చూడడం ఈ ఏర్పాటులోని సారం.

గ్రామపు ఈ అధికారంపై పడిన మొదటి పెద్ద దెబ్బ డచ్ ఈస్టిండియా కంపెనీది. 1605లో అంబోన్‌లోని పోర్చుగీసు కోటను వశపరచుకొన్న ఆ కంపెనీ, అదే ఏడాది మచిలీపట్నంలోను, మరుసటి ఏడాది నిజాంపట్నంలోను వర్తకస్థావరాలు ఏర్పరచుకోవడం యాదృచ్ఛికం కాదు. మలుకు గ్రామీణులు తమ లవంగాలకు బదులుగా కోరినవాటిలో కోరమండల్ నూలుబట్ట ముఖ్యమైనది కాబట్టి, ఆ బట్ట లేనిదే మలుకు వ్యాపారం లేదని కంపెనీ అధికారులే గుర్తించారు. తెలుగు తీరంలో మగ్గం మీద నేసిన బట్టకు, భూమధ్యరేఖకు ఆవల కొండవాలున కోసిన లవంగానికి మారకం ఈ విధంగా కుదిరింది. లవంగం సాగును అంబోన్, హరుకు, సపరువా, నుసలౌట్ దీవులకే పరిమితం చేసి, ఇతర దీవులలో చెట్లను నరికించడం కంపెనీ విధానం. దీనిపై తిరగబడిన సేరం దీవిలోని హోవమోల్ ద్వీపకల్పాన్ని 1651–56 నాటి యుద్ధం తరువాత పూర్తిగా ఖాళీ చేయించారు. ‘హొంగి’ అనే తనిఖీ నౌకాయాత్రల కోసం ఇరువైపులా తేలుడు కొయ్యలు కట్టిన ‘కోరా-కోరా’ అనే పొడవాటి పడవలను, తెడ్లు వేసే మనుషులను గ్రామాలే సమకూర్చవలసి వచ్చేది. తమ పడవలతో, తమ చేతులతోనే పొరుగు దీవుల చెట్లను నిర్మూలించడానికి వెళ్ళవలసిన దుస్థితి ఆ గ్రామీణులది. యూరప్ విపణిలో గిరాకీ పెరిగితే మొక్కలు నాటమని, తగ్గితే చెట్లు కొట్టివేయమని ఆజ్ఞలు వచ్చేవి. ధర కంపెనీ చెప్పినదే. తన కోతకాలాన్ని తానే నిర్ణయించుకొన్న ఊరు, తన తోటలో ఎన్ని చెట్లుండాలో కూడా చెప్పుకోలేని స్థితికి చేరింది. అంబోన్‌లో దాదాపు అర్ధశతాబ్దం నివసించి, 1670లో చూపు కోల్పోయినా పని మానక ఈ దీవుల మొక్కలను వర్ణించిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు రుంఫియస్ కృషి, అదే కాలంలో గ్రామీణులకు తమ చెట్లపై ఉన్న జ్ఞానం ఎంతటిదో నేటికీ చాటుతున్నది.

1799 చివర కంపెనీ రద్దయినా నిర్బంధ సాగు పోలేదు. కొంతకాలం బ్రిటిష్ పాలనలో ఉండి 1817లో దీవులు మళ్ళీ డచ్ వారి చేతికి వచ్చినప్పుడు, పాత వెట్టి తిరిగి వస్తుందన్న భయంతో సపరువా గ్రామాలు థామస్ మతులెస్సి నాయకత్వాన లేచి డ్యూర్‌స్టెడె కోటను పట్టుకొన్నాయి. పత్తిమురాగా ప్రసిద్ధుడైన ఆయనను అదే ఏడాది డిసెంబరు 16న అంబోన్‌లో ఉరితీశారు. లవంగం గుత్తాధిపత్యం 1863 చివరికి గాని ముగియలేదు. అప్పటికే జాంజిబార్ లవంగం ప్రపంచ విపణిని ఆక్రమించినందున, స్వేచ్ఛ వచ్చిన నాటికి ధర లేదు. అందువల్ల క్రైస్తవ గ్రామాల యువకులు పెద్దసంఖ్యలో వలస సైన్యంలో సిపాయిలుగా, బడిపంతుళ్ళుగా, గుమాస్తాలుగా ఊళ్ళు విడిచారు. ఇండోనేషియా స్వాతంత్ర్యానంతర కల్లోలంలో, 1951లో ఆ వలస సైన్యంలోని మలుకు సైనికులు కుటుంబాలతో సహా సుమారు 12,500 మంది నెదర్లాండ్స్‌కు తరలింపబడి, అక్కడే స్థిరపడ్డారు.

ఈ మార్పుల నడుమ ససి కూడా రూపం మార్చుకొంటూ వచ్చింది. కొన్ని గ్రామాలలో చర్చిలో ప్రార్థనతో నిషేధాన్ని ప్రకటించే పద్ధతి బలపడగా, మరికొన్నింటిలో ససి తెరిచే హక్కును వర్తకులకు వేలం వేయడం మొదలైంది. వేలం వల్ల గ్రామనిధికి రొక్కం చేరినా, అందరి పంట ఒకరి సరుకుగా మారింది. కాబట్టి ససిని మార్పెరుగని ప్రాచీనావశేషంగా భావించడం సరికాదు. ఎవరి మేలు కోసం మూస్తున్నారు, ఎవరి కోసం తెరుస్తున్నారు అన్నదాన్ని బట్టి దాని స్వభావం మారుతుంది.

స్వతంత్ర ఇండోనేషియాలో లవంగపు పొడి కలిపిన ‘క్రెటెక్’ సిగరెట్ల పరిశ్రమ విస్తరించడంతో మలుకు తోటలకు మళ్ళీ కళ వచ్చింది. ఆ డబ్బుతో చాలా గ్రామాలలో సేగో మట్టల గోడలు పోయి సిమెంటు ఇళ్ళు లేచాయి, పిల్లలు అంబోన్ చదువులకు వెళ్ళారు. అయితే 1990ల ఆరంభంలో అధ్యక్షుడు సుహార్తో కుమారుని ఆధ్వర్యంలో ఏర్పడిన గుత్త కొనుగోలు సంస్థ రైతుకు దక్కే ధరను పడగొట్టగా, అనేకచోట్ల మొగ్గలు కోయకుండానే వదిలేశారు. 1998లో అది రద్దయింది. దీనికి ముందే, 1979 నాటి గ్రామపాలనా చట్టం దేశమంతటికీ జావా నమూనాలో ఒకే రకం గ్రామాన్ని నిర్దేశించి, సనిరి, కేవాంగ్ వంటి వ్యవస్థలకు చట్టబద్ధత లేకుండా చేసింది. ఒకవైపు పాలన ఇలా ఆచారాన్ని పక్కకు నెడుతుండగానే, మరోవైపు అదే ప్రభుత్వం 1985లో హరుకు కేవాంగ్‌ను పర్యావరణ పరిరక్షణకిచ్చే కల్పతరు పురస్కారంతో గౌరవించింది. ఆ దశాబ్దాలలోనే మోటారు పడవలు, పెద్ద వలలు, పగడపు దిబ్బలను చిదిమే నాటుబాంబులు తీరజలాలలోకి చొచ్చుకురాగా, చిన్న పడవవాడు చేపకోసం మరింత దూరం పోవలసి వచ్చింది.

1999 జనవరిలో అంబోన్‌లో చెలరేగిన క్రైస్తవ–ముస్లిం ఘర్షణలు 2002 ఫిబ్రవరి నాటి మాలినో శాంతి ఒప్పందం వరకు ఈ దీవులను కాల్చివేశాయి. వేర్వేరు మతాల గ్రామాలు సైతం సోదరులుగా ప్రమాణం చేసుకొనే ‘పెల’ అనే పాత బంధం, ఆ తరువాత సయోధ్యకు ఆసరా అయింది. 2014 నాటి గ్రామచట్టం ఆచారగ్రామాలకు గుర్తింపునిచ్చి, 2015 నుంచి కేంద్ర నిధులను నేరుగా గ్రామాలకు చేరవేస్తున్నది. ఆ నిధులతో బాటలు, రేవులు మెరుగుపడటం హర్షణీయమే కాని, చేపను నిలువచేసే మంచు, నిలకడైన ధర, చదువుకొన్న యువత ఊళ్ళో ఉండేందుకు తగిన ఉపాధి లేకపోతే కావలిదళంలో నిలబడేవారే కరువవుతారు.

నాలుగు శతాబ్దాలలో కంపెనీ, వలస ప్రభుత్వం, గుత్త వ్యాపారి, ఏకరూప పాలన ఒకరి తరువాత ఒకరుగా మలుకు గ్రామం నుంచి తీసుకొన్నది కేవలం పంటను కాదు, పంటపై నిర్ణయాధికారాన్ని. ఆ అధికారం దక్కినచోట గ్రామీణులు తమంత తాముగా తమ అత్యాశకు హద్దు గీసుకోగలరని హరుకు నది రుజువు చేసింది. తీరగ్రామాల బాగు కోరే ఏ ప్రభుత్వమైనా, వాటికి డబ్బు పంపడంతో పాటు వాటి నేలను, నీటిని మూసి తెరిచే హక్కును కూడా చట్టపరంగా వాటికే అప్పగించడం న్యాయం.