దిష్టిబొమ్మ ముఖం

దిష్టిబొమ్మ ముఖం: చెడు చూపును మళ్లించడానికి తెలుగునాట ఇళ్లకు, కడుతున్న భవనాలకు, వాహనాలకు కట్టే ఉగ్రరూపం. విశాఖపట్నంలో గాజువాక దగ్గరి ఆటోనగర్ వంటి పారిశ్రామికవాడల్లో షెడ్ల గుమ్మాలపైనా, లారీల మీదా ఇది కనిపిస్తుంది.

గుడ్లురిమే కళ్లు, ముడిపడిన కనుబొమలు, మెలితిరిగిన మీసం, బయటికి పొడుచుకొచ్చిన కోరలు, వేలాడే ఎర్రనాలుక దీని గుర్తులు. బూడిద గుమ్మడికాయ మీద గీసిన ముఖమూ ఇదే పని చేస్తుందని నమ్మిక. ఎర్రబారిన కళ్లు, కనుబొమల ముడి భరతుని నాట్యశాస్త్రంలో రౌద్రరసాభినయానికి చెప్పిన లక్షణాలే. బొమ్మ చేసేవారికి ఈ లక్షణాలు చేతి అలవాటుగా తెలుసు.

ఇక ఇలాంటి కోపపు ముఖం చూసినవారిని ఏం చేస్తుందన్న విషయానికి వస్తే, ముఖకవళికలపై చార్లెస్ డార్విన్ గ్రంథం 1872లోనే వెలువడింది. అయితే ముఖాన్ని చూసినవారి ఒళ్లు ఎలా కదులుతుందన్న ప్రశ్న ప్రయోగశాలకు చేరింది చాలాకాలం తర్వాతే. 2010లో పరిశోధకురాలు కరీన్ రూలోఫ్స్ బృందం, కోపపు ముఖాల చిత్రాలు చూస్తున్నప్పుడు నిలబడ్డవారి శరీరపు ఊగిసలాట తగ్గిందనీ, గుండె వేగం మందగించిందనీ గమనించింది. ప్రమాదం ఎదురైన జంతువు కొయ్యబారడం లాంటిదే ఇది. 2011లో జాన్ స్టిన్స్, రూలోఫ్స్ తదితరులు బలాన్ని కొలిచే పలక మీద మనుషులను నిలబెట్టి అడుగు వేయించారు. నవ్వు ముఖం వైపు కంటే కోపపు ముఖం వైపు ముందడుగు మొదలుపెట్టడానికి వారికి ఎక్కువ సమయం పట్టింది. వెనకడుగులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అంటే ఆ ప్రయోగంలో కోపపు ముఖం మనిషిని వెనక్కి తరమలేదు, ముందుకు రాకుండా కాస్త ఆపింది.