మూడుసార్లు మాత్రమే చదవగలిగే పుస్తకం

ఒక సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడే విలన్ అయిన నవల ఎప్పుడైనా చదివారా? 2003లో వచ్చిన ‘ది వెల్ ఆఫ్ లాస్ట్ ప్లాట్స్’ అలాంటిదే. రాసినాయన బ్రిటిష్ రచయిత జాస్పర్ ఫోర్డ్ (కార్ల ఫోర్డు కాదు, ఈయన ఇంటిపేరు రెండు ఎఫ్‌లతో మొదలవుతుంది). అంతకుముందు ఈయన సినిమా షూటింగుల్లో కెమెరా ఫోకస్ సరిచూసే పని చేసేవాడు. మొదటి నవల ‘ది ఎయిర్ ఎఫైర్’ 2001లో అచ్చయ్యేలోపు 76 తిరస్కరణ ఉత్తరాలు అందుకున్నాడు. మన ఇంటర్వ్యూ రిజెక్షన్లు ఏపాటి చెప్పండి!

ఈ నవలని హాయిగా నవ్వుకుని పక్కన పెట్టేయొచ్చు. కానీ అందులో ఒక జోకు ఉంది. ఈ ఇరవై ఏళ్ళలో అది మెల్లమెల్లగా జోకు కాకుండా పోయింది. ఆ జోకుకి ముందూ వెనకా ఉన్న చరిత్రే ఈ టపా. దానికోసం కథ చివరి రహస్యం చెప్పక తప్పదు. చదవాలనుకునేవాళ్ళు ముందు నవల చదివేసి తర్వాత ఇటు రండి.

ఈ సిరీస్ హీరోయిన్ పేరు థర్స్‌డే నెక్స్ట్. ఉద్యోగం సాహిత్య డిటెక్టివ్. ఆమె ప్రపంచంలో 1985లో కూడా క్రిమియా యుద్ధం నడుస్తూనే ఉంటుంది, జనం సాహిత్యం కోసం కొట్టుకు చస్తుంటారు. మొదటి నవలలో ఒక దుర్మార్గుడు ‘జేన్ ఎయిర్’ అసలు రాతప్రతిలోంచి జేన్‌ని ఎత్తుకుపోతాడు. అది ఆమె తన నోటితో చెప్పే కథ కదా. చెప్పే మనిషే లేకపోయేసరికి ప్రపంచంలో ఉన్న కాపీలన్నిట్లోనూ అక్కణ్ణించి కథ మాయమైపోతుంది. మన భాషలో చెప్పాలంటే, మాస్టర్ కాపీలో డిలీట్ కొడితే అందరి దగ్గరా డిలీట్ అయిపోయిందన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

‘ది వెల్ ఆఫ్ లాస్ట్ ప్లాట్స్’ మూడో నవల. అప్పటికి థర్స్‌డే గర్భవతి. శత్రువులు ఆమె భర్తని ఏకంగా చరిత్రలోంచే తుడిచేశారు. తలదాచుకోడానికి ఆమె పుస్తకాల లోపలి ప్రపంచానికి వెళ్ళి, ఎవరూ అచ్చువెయ్యని ఒక నాసిరకం డిటెక్టివ్ నవలలో పాత్రగా మకాం పెడుతుంది. అక్కడ 26 అంతస్తుల మహా గ్రంథాలయం ఒకటుంది. లైబ్రేరియన్ ‘ఆలిస్’ కథలోని నవ్వే పిల్లి. దాని కింద ఇంకో 26 అంతస్తుల నేలమాళిగలు. అచ్చుకాని నవలలన్నీ తయారయ్యేది అక్కడే. పుస్తకాల లోపల శాంతిభద్రతలు చూడ్డానికి ఒక పోలీసు శాఖ కూడా ఉంది. అందులో థర్స్‌డేకి ట్రైనింగ్ ఇచ్చే సీనియర్ ఎవరో తెలుసా? డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లో పెళ్ళిబట్టలతోనే ముసలిదైపోయిన మిస్ హావిషాం!

ఇక అప్‌గ్రేడ్ సంగతి. ఆ ప్రపంచంలో పుస్తకం అంటే ఒక ఆపరేటింగ్ సిస్టమ్. నోటిమాటగా చెప్పుకునే కథలు ఒకప్పటి ప్లాట్‌ఫారం, ఇప్పుడు నడుస్తున్నది ‘బుక్’ వెర్షన్ 8.3. దాని బదులు ‘అల్ట్రావర్డ్’ వస్తోందని పైవాళ్ళు ఊదరగొడుతుంటారు. రిలీజు తేదీ దగ్గరపడుతున్న కొద్దీ లోపలి సంగతి కనిపెట్టిన ఏజెంట్లు ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు (టెస్టింగ్ టీముల్లో ఉన్నవాళ్ళు ఈ భాగం ఒళ్ళు దగ్గరపెట్టుకుని చదవాలి :-)). చివరికి తేలేదేమిటంటే, అల్ట్రావర్డ్‌తో తయారైన పుస్తకాన్ని మూడుసార్లు మాత్రమే చదవగలం. ఆ తర్వాత లాక్. అంటే స్నేహితులకి ఇవ్వడం ఉండదు, లైబ్రరీ ఉండదు, పాత పుస్తకాల షాపు ఉండదు. కావాలని పెట్టిన ఫీచరే అది. హత్యలు జరిగింది దాన్ని దాచడానికి.

ఇదంతా ఫోర్డ్ గాల్లోంచి పుట్టించలేదు. అరువిచ్చే పుస్తకానికీ అమ్మే పుస్తకానికీ మధ్య తగువు చాలా పాతది.

నవల అనే సరుకు ఇంగ్లండులో పెరిగిందే అద్దె లైబ్రరీల మీద. 1842లో చార్లెస్ మ్యూడీ లండన్లో ఒకటి మొదలుపెట్టాడు. చందా ఏడాదికి ఒక గినీ. అదే కొత్త నవల కొనుక్కోవాలంటే ఒక్కదానికే గినీన్నర. ఇంక మామూలు కుటుంబాలు ఎవరు కొంటారు? నవలని మూడు సంపుటాలుగా వేసేవాళ్ళు, ఒకే నవలని ఒకేసారి ముగ్గురికి అద్దెకివ్వొచ్చని లైబ్రరీలకీ అది నచ్చేది. 1847 నాటి ‘జేన్ ఎయిర్’ అలా మూడు సంపుటాలుగా వచ్చిందే, 1861 నాటి ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ కూడా అంతే. 1894లో మ్యూడీ, డబ్ల్యూ.హెచ్. స్మిత్ లైబ్రరీలు కలిసి ఇక ఇంత ధర పెట్టలేమనేసరికి, కొన్నేళ్ళలోనే మూడు సంపుటాల పద్ధతి అంతరించింది. ఫోర్డ్ నవలలో తిరిగే పెద్ద పెద్ద పాత్రలు చాలామంది పాఠకులకి మొదట చేరింది అరువు పుస్తకాల్లోనే అన్నమాట.

అమెరికాలో ఇంకో తమాషా జరిగింది. 1904లో బాబ్స్ మెరిల్ అనే ప్రచురణ సంస్థ ‘ది కాస్టవే’ అనే నవల వేసింది. లోపల ఒక నోటీసు అచ్చువేశారు: ధర 1 డాలర్, అంతకంటే తక్కువకి అమ్మడానికి ఏ వ్యాపారికీ లైసెన్సు లేదు, అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనే అని. మనం చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కేస్తామే, దానికి ముత్తాత ఇది. న్యూయార్కులో మేసీస్ దుకాణం ఆ నోటీసుని పట్టించుకోకుండా 89 సెంట్లకి అమ్మేసింది. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1908లో కోర్టు తేల్చింది ఏమిటంటే, ఒక కాపీని ఒకసారి అమ్మేశాక దాన్ని మళ్ళీ ఎంతకి అమ్మాలో శాసించే హక్కు కాపీరైట్‌లో లేదు అని. పాత పుస్తకాల షాపుకీ లైబ్రరీకీ అక్కడ చట్టంలో పునాది ఇదే.

కాగితం ఉన్నన్నాళ్ళూ ఆ పునాది గట్టిగానే ఉంది. ఈ-పుస్తకం వచ్చాక కదిలింది. 2000 ప్రాంతంలో అడోబీ ఫార్మాట్‌లో వచ్చిన ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ ఈ-పుస్తకానికి ఒక అనుమతుల పట్టిక ఉండేది. అందులో ఈ పుస్తకాన్ని బిగ్గరగా చదవకూడదు అన్న అర్థం వచ్చే లైను ఒకటి! కంప్యూటర్ చేత చదివించుకోవడం గురించి అది. కానీ పిల్లల కోసం రాసిన, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయిన కథ కదా, జనం పడీ పడీ నవ్వారు. 2001 జులైలో మాత్రం ఎవరూ నవ్వలేదు. అడోబీ ఈ-పుస్తకాల తాళం తీసే ప్రోగ్రాం రాసిన రష్యన్ ప్రోగ్రామర్ దిమిత్రీ స్క్ల్యారోవ్‌ని, లాస్ వేగాస్‌లో ఒక సదస్సులో మాట్లాడి తిరిగెళ్తుంటే అరెస్టు చేశారు. అతని కంపెనీ ఎల్కమ్‌సాఫ్ట్ నిర్దోషి అని 2002 డిసెంబరులో జ్యూరీ చెప్పింది. ఫోర్డ్ నవల వచ్చింది ఆ మరుసటి ఏడాదే.

ఆ తర్వాత జరిగినవి వరసగా చూడండి.

2009 జులైలో అమెజాన్, హక్కులు లేని ఒక సంస్థ అమ్మిన ఆర్వెల్ పుస్తకాల్ని (‘1984’, ‘యానిమల్ ఫామ్’) కొన్నవాళ్ళ కిండిల్స్‌లోంచి రాత్రికి రాత్రి తీసేసింది. డబ్బు వాపసు ఇచ్చింది, తర్వాత జెఫ్ బెజోస్ క్షమాపణ కూడా చెప్పాడు. కానీ పుస్తకంతోపాటు నోట్సు పోగొట్టుకున్న ఒక విద్యార్థి కోర్టుకెక్కాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే. జేన్‌ని ఎత్తుకెళ్ళిన దుర్మార్గుడికి కనీసం రాతప్రతి దొంగిలించాల్సొచ్చింది, ఇక్కడ సర్వర్ దగ్గర ఒక కమాండ్ సరిపోయింది.

2011లో హార్పర్ కాలిన్స్ సంస్థ లైబ్రరీలకి అమ్మే ఈ-పుస్తకాల మీద ఒక పరిమితి పెట్టింది. 26 సార్లు అరువిచ్చాక లైసెన్సు ఐపోతుంది, మళ్ళీ కొనుక్కోవాలి. ఒక్కో అరువు రెండు వారాలనుకుంటే సరిగ్గా ఏడాది. కాగితం పుస్తకమైనా అరిగిపోతుంది కదా అన్నది వాళ్ళ వాదన. కొందరు లైబ్రేరియన్లు అంతకంటే ఎక్కువసార్లు తిరిగొచ్చి కూడా శుభ్రంగా ఉన్న పుస్తకాల్ని వీడియో తీసి చూపించారు. ఫోర్డ్ చెప్పిన అంకె 3, వచ్చిన అంకె 26. ఫీచర్ మాత్రం అదే!

2012లో యూరప్ అత్యున్నత న్యాయస్థానం, ఒరాకిల్ వేసిన కేసులో, వాడేసిన సాఫ్ట్‌వేర్ లైసెన్సుని ఇంకొకరికి అమ్ముకోవచ్చంది. 2019లో అదే కోర్టు, సెకండ్ హ్యాండ్ ఈ-పుస్తకాలకి మాత్రం ఆ హక్కు లేదంది. అంటే డేటాబేస్ లైసెన్సు అమ్ముకోవచ్చు గానీ నవల అమ్ముకోకూడదు. 2024 సెప్టెంబరులో అమెరికా అప్పీలు కోర్టు, స్కాన్ చేసిన పుస్తకాల్ని అరువిచ్చే ఇంటర్నెట్ ఆర్కైవ్ పద్ధతి చెల్లదంది. 2025 ఫిబ్రవరిలో, కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకుని యూఎస్‌బీ ద్వారా ఎక్కించుకునే సౌకర్యాన్ని అమెజాన్ తీసేసింది.

మరి రచయితలేం తిని బతకాలి అంటారా? న్యాయమైన ప్రశ్నే. డిజిటల్ కాపీ అరగదు, చిరగదు, ఒక్క కాపీతో ఊరంతా చదివేస్తే రచయితకి మిగిలేది సున్నా. కానీ ఈ చిక్కుకి పాత ప్రపంచం ఒక పరిష్కారం కనిపెట్టింది. 1946లో డెన్మార్క్ మొదలుపెట్టింది, 1979లో బ్రిటన్ చట్టం చేసింది. ప్రభుత్వ లైబ్రరీల్లో పుస్తకాలు అరువు పోయినందుకు రచయితకి ప్రభుత్వం డబ్బు కడుతుంది. బ్రిటన్‌లో ఐతే ఎన్నిసార్లు అరువు పోయిందన్న లెక్కని బట్టే. లెక్కపెట్టడం అక్కడా ఉంది. లెక్క పెరిగితే రచయితకి డబ్బు వస్తుంది, పాఠకుడికి తలుపు మూసుకోదు. అదే కౌంటర్, వేరే పని.

మనకీ ఇందులో వాటా ఉంది. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో మొదలైంది, వేటపాలెం సారస్వత నికేతనం 1918లో. తెలుగులో గ్రంథాలయోద్యమం అంటే దాదాపు స్వాతంత్ర్యోద్యమంలో భాగం. తర్వాత్తరవాత అద్దె పుస్తకాల షాపులు వచ్చాయి. మధుబాబు షాడో నవల ఎంతమంది చేతులు మారి మన దాకా వచ్చేదో అట్ట చూస్తే తెలిసేది. మూడుసార్లకి లాకైపోతే ఆ నవల వీధి చివరి దాకా కూడా వెళ్ళేది కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఈ రోజు చాలామందికి దొరుకుతున్నది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనే. కొనడానికి ఎక్కడా లేని పుస్తకానికి రెండో పాఠకుడు దొరకాలంటే, మొదటివాడు దాన్ని ఇంకొకరికి ఇవ్వగలగాలి.

నవలలో థర్స్‌డే ఒక అవార్డుల సభలో అందరి ముందూ అల్ట్రావర్డ్ గుట్టు బయటపెట్టి ఆపిస్తుంది. బయటి ప్రపంచంలో అలాంటి సభ జరగలేదు. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం మాత్రం వచ్చింది. డిజిటల్ సరుకు మీద ‘కొనండి’ అని బటన్ పెడితే, మీకిస్తున్నది లైసెన్సేనని స్పష్టంగా చెప్పాలట. లాక్ తియ్యరు గానీ, లాక్ ఉందని చెప్తారు.

ఆ కౌంటర్ రాసేది ఎవరండీ? మనమే. నవలలో లాగా దానికి హత్యలు అక్కర్లేదు, రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటులో ఒక లైను చాలు. కోడు ఐదు నిముషాల పని, ‘డన్’ అని మార్క్ చేసి ఇంటికెళ్ళిపోతాం. ఈసారి అలాంటి లైను కనబడితే, రివ్యూ మీటింగులో ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "ఇది ఇంకొకళ్ళకి ఇవ్వాలంటే ఎలా?" సమాధానం రాకపోవచ్చు. మినిట్స్‌లో ప్రశ్న అయినా ఉంటుంది.