నాణెం, నాణ్యత: సూరత్ షరాబు నుండి డెబ్బై అంకెల కొలమానం దాకా

తెలుగులో ‘నాణెం’, ‘నాణ్యం’ దాయాది పదాలు. సరుకు మంచిచెడ్డలు చెప్పడానికి మనం నిత్యం వాడే ‘నాణ్యత’ అన్న మాట నాణెం పుట్టిన ఇంటనే పుట్టింది. నాణేన్ని పరీక్షించి విలువ కట్టే వృత్తి మన సమాజంలో ఎంత లోతుగా పాతుకుపోయిందో ఈ ఒక్క మాట చాటుతుంది. షరాబు అంగడిలో త్రాసు, గీటురాయి, అనుభవం పండిన కన్ను చేసిన పనిని నేడు కొన్ని విదేశీ సంస్థలు కొత్త పద్ధతిలో చేస్తున్నాయి. అవి నాణేన్ని పరీక్షించి, 1 నుండి 70 వరకు గల కొలమానంపై ఒక అంకెను నిర్ణయించి, పారదర్శకమైన ప్లాస్టిక్ పేటికలో ముద్రవేసి తిరిగి పంపుతాయి. దీనినే గ్రేడింగ్ అంటున్నారు. అరుదైన ప్రాచీన నాణెం విషయంలో ఈ పరీక్ష ప్రయోజనం సులభంగానే బోధపడుతుంది. కాని 1950 తరువాత మన టంకశాలల నుండి కోట్ల సంఖ్యలో వెలువడిన నాణేలకు కూడా అంతటి ఖర్చు పెట్టడం ఉచితమా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

ఇది సంపన్నులైన సేకర్తలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లిన నేత కుటుంబాలు సూరత్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. నగరం చుట్టూ, పల్సానా తాలూకాలోని జోల్వా వంటి గ్రామాల వరకు, వస్త్ర పరిశ్రమ విస్తరించింది. అటువంటి శ్రామిక ప్రాంతాలలో ముంతలో దాచిన పాత నాణేలు ఇంటి జ్ఞాపకాలు మాత్రమే కాక, కష్టకాలంలో ఆదుకుంటాయన్న ఆశకు ఆధారాలు కూడా. 2012లో వెలువడిన వైష్ణోదేవి నాణేనికి లక్షల రూపాయలు వస్తాయన్న వదంతులు దేశమంతటా వ్యాపించాయి. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తన పేరును వాడుకొని రుసుములు అడిగే మోసగాళ్లను నమ్మవద్దని భారత రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. ఒక నాణేనికి నిజంగా విలువ ఎక్కడి నుండి వస్తుందో తెలియకపోతే నష్టపోయేది నెల జీతం మీద ఆధారపడిన కుటుంబమే.

ఈ ప్రశ్నకు సూరత్ చరిత్రలోనే మంచి సమాధానం ఉంది. 17వ శతాబ్దంలో మొగలు సామ్రాజ్యపు ప్రధాన రేవు సూరత్. అక్కడి టంకశాలలో ముద్రితమైన వెండి రూపాయలకు దేశమంతటా గౌరవం ఉండేది. ఆంగ్లేయ, డచ్చి వర్తకులు ఓడలలో తెచ్చిన వెండి ఈ దేశంలో చెల్లుబాటు కావాలంటే అది రూపాయలుగా మారాలి. అందుకు వారికి రెండు మార్గాలు ఉండేవి. వెండిని టంకశాలకు పంపి, ముద్రణ రుసుము చెల్లించి, తమ వంతు కోసం నిరీక్షించడం ఒకటి. ఆ వెండిని వెంటనే షరాబులకు అమ్మి, వారి లాభం పోగా మిగిలిన సొమ్ము తీసుకోవడం రెండవది. టంకశాలలో ఆలస్యం పెరిగినప్పుడు వర్తకులు షరాబులనే ఆశ్రయించేవారు. రుసుము, కాలయాపన, చివరకు దక్కే అదనపు ధర అన్న మూడింటిని సరిచూసుకొని వారు నిర్ణయం తీసుకునేవారు. నేడు నాణేన్ని గ్రేడింగుకు పంపాలా వద్దా అని ఆలోచించేవారు వేయవలసిన లెక్క కూడా ఇదే.

ఆనాటి షరాబులు రూపాయలను తరగతులుగా విభజించేవారు. అప్పుడే ముద్రితమైనది ‘సిక్కా’. అదే పాదుషా ఏలుబడిలో వెనుకటి సంవత్సరాలలో వెలువడినది ‘చలనీ’. గత పాలకుల కాలం నాటిది ‘ఖజానా’. బరువు, మేలిమి దాదాపు సమానమైనా పాత రూపాయికి వట్టం తీసేవారు. కొత్త నాణేనికి అదనపు ధర పలికేది. అరుగుదలను ఒక్కొక్క నాణెం మీద కొలిచే శ్రమ లేకుండా, నాణెం మీది సంవత్సరాన్ని బట్టి తరుగును అంచనా వేసే పద్ధతి ఇది.

తూర్పుతీరంలో ఇందుకు భిన్నమైన ఆచారం ఉండేది. సూరత్ నుండి గోల్కొండకు పలుమార్లు ప్రయాణించిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, గోల్కొండ రాజ్యంలో కొత్త వరహాల కంటే పాత వరహాలకే ఎక్కువ ధర పలికేదని వ్రాశాడు. ఒకే శతాబ్దంలో, ఒకే వర్తక మార్గపు రెండు కొసల వద్ద, ఒకచోట కొత్తదనానికి, మరొకచోట పాతదనానికి అదనపు విలువ లభించిందన్న మాట. ఆ అదనపు విలువ లోహంలో లేదు. కొనేవారి నమ్మకంలోను, ఆ నమ్మకాన్ని నిలబెట్టిన షరాబుల వ్యవస్థలోను ఉంది.

ఇటువంటి వ్యవస్థ వలన పాలకులకు చిక్కులు కూడా కలిగాయి. బెంగాలులో వట్టం బాధను తప్పించడానికి ఈస్టిండియా కంపెనీ 18వ శతాబ్దం చివరి దశాబ్దాలలో, ఏ సంవత్సరంలో ముద్రించినా, రూపాయిపై షా ఆలం ఏలుబడి 19వ సంవత్సరమనే వేయించింది. తేదీని స్తంభింపజేస్తే షరాబుకు వయస్సు లెక్కించే అవకాశం పోతుందని దాని ఆలోచన. 1835 చట్టంతో కంపెనీ ప్రాంతాలన్నింటికీ ఒకే తూకం, ఒకే మేలిమి గల రూపాయి వచ్చింది. యంత్రం ముద్రించిన నాణెం క్రమంగా లెక్కతోనే చెల్లసాగింది.

హైదరాబాదులో ఈ మార్పు కొంత ఆలస్యంగా వచ్చింది. 1903లో టంకశాల సైఫాబాదుకు మారింది. చార్మినార్ బొమ్మ గల యంత్రముద్రిత హాలీ సిక్కా రూపాయలు ఆ కాలం నుండి వెలువడ్డాయి. భారత యూనియన్‌లో విలీనం తరువాత 1950లో టంకశాల కేంద్రప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. హాలీ సిక్కా 1959లో చెలామణి నుండి పూర్తిగా తొలగింది. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి అమలులోకి వచ్చిన పిమ్మట హైదరాబాదు ముద్రించిన నాణేలను, తేదీ సమీపంలో కనిపించే నక్షత్రం గుర్తుతో సాధారణంగా పోల్చుకోవచ్చు. ముంబయికి వజ్రాకృతి, 1988లో ప్రారంభమైన నోయిడాకు చుక్క గుర్తులు. కలకత్తాకు గుర్తు లేదు. 1997లో చర్లపల్లిలో కొత్త టంకశాల ఏర్పడింది. 2022లో సైఫాబాదు భవనంలో ప్రదర్శనశాల ప్రారంభమయింది.

నేటి గ్రేడింగుకు మూలమైన కొలమానం అమెరికాలో పుట్టింది. విలియం షెల్డన్ 1949లో ప్రకటించిన గ్రంథంలో పాత అమెరికన్ సెంట్లకు 1 నుండి 70 వరకు అంకెలు కేటాయించాడు. పూర్తిగా అరిగిన నాణెం ధర 1 అయితే లోపరహితమైన దాని ధర 70 రెట్లన్నది ఆ కొలమానం వెనుక ఉన్న భావన. అంటే ఈ అంకె పుట్టుకలోనే ధరల పట్టికతో ముడిపడింది. తరువాత 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ సంస్థలు నెలకొని, నాణేన్ని పేటికలో భద్రపరచి హామీ ఇచ్చే పద్ధతిని వ్యాపింపజేశాయి. చూడకుండానే దూరదేశం నుండి నాణెం కొనేవారికి ఇది గొప్ప సౌకర్యమనడంలో సందేహం లేదు.

అయితే ఆధునిక నాణేల విషయంలో ఒక ముఖ్యమైన తేడాను గమనించాలి. వందల ఏళ్లనాటి నాణేలలో మంచి స్థితిలో మిగిలినవి ఎన్నో దాదాపు తేలిపోయింది. ఆధునిక నాణేల లెక్క ఇంకా తేలలేదు. ఒక అంకె పొందినవి ఇప్పటికి ఎన్ని ఉన్నాయో గ్రేడింగ్ సంస్థలు పట్టికలలో ప్రకటిస్తాయి. ఆ సంఖ్య ఈనాడు తక్కువగా ఉండడానికి కారణం నాణేలు లేకపోవడం కాకపోవచ్చు. ఇంతవరకు ఎవరూ పంపకపోవడం కావచ్చు. ఒకటి రెండు మంచి ధరకు అమ్ముడైతే సంచులలో నిద్రిస్తున్న తక్కినవి బయటికి వస్తాయి. పట్టికలో సంఖ్య పెరిగినకొద్దీ ధర దిగుతుంది.

ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణ నందమూరి తారక రామారావు శతజయంతి నాణెం. హైదరాబాదు టంకశాల ముద్రించిన ఈ 100 రూపాయల నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేశారు. 44 మిల్లీమీటర్ల వ్యాసం, సగం వెండి గల ఈ నాణేన్ని తెలుగువారు ముఖవిలువను ఎన్నో రెట్లు మించిన ధరకు ఆసక్తితో కొన్నారు. ఇది అంగడిలో చేతులు మారడానికి ముద్రితమైనది కాదు. కొన్నవారందరూ పెట్టెలోనే భద్రపరిచారు. కనుక ముందు తరాలకు కూడా ఇది మంచి స్థితిలోనే లభిస్తుంది. అభిమానం చేత దాచుకొనదగిన వస్తువే అయినా, ఉన్నత అంకె వలన దీనికి అరుదుదనం కలుగుతుందని ఆశించడానికి ఆధారం తక్కువ.

చెలామణి కోసం ముద్రితమైన నాణేల సంగతి ఇందుకు విరుద్ధం. అవి యంత్రం నుండి రాలి, సంచులలో ఒకదానినొకటి ఒరుసుకుంటూ బ్యాంకులకు చేరుతాయి. 1960ల నాటి అల్యూమినియం పైసలు మెత్తనివి. సులభంగా గీతలు పడతాయి. 1992లో వచ్చిన 9 గ్రాముల రాగి, నికెలు మిశ్రమపు 5 రూపాయల నాణెం స్థానాన్ని 2007లో తేలికైన ఉక్కు నాణెం ఆక్రమించింది. ఎవరూ దాచని సాధారణ నాణేలలో మచ్చలేనిది దొరకడం కొన్నిసార్లు నిజంగానే కష్టం. గ్రేడింగుకు అర్హత గల ఆధునిక నాణేలు ప్రధానంగా ఇటువంటి వాటిలోనే ఉంటాయి.

ఒక ఊహాత్మకమైన లెక్క చూద్దాం. రుసుము, రాకపోకల ఖర్చు, బీమా కలిపి ఒక్కొక్క నాణేనికి 3,000 రూపాయలు అవుతాయనుకుందాం. పది నాణేలు పంపితే ఖర్చు 30,000. వాటిలో ఒకటి అత్యున్నత శ్రేణి పొంది 15,000కు, తక్కిన తొమ్మిది 500 చొప్పున 4,500కు అమ్ముడయ్యాయనుకుందాం. వచ్చినది 19,500. మొదట కొన్న ధరను విడిచిపెట్టినా నష్టం 10,500. అమ్ముడైన ఒక్క నాణెం ధర అందరి నోటా వినబడుతుంది. మిగిలిన తొమ్మిదింటి ఖర్చు ఎవరి చెవినా పడదు.

కనుక పంపే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నాణెం అసలుదో కాదో తేల్చుకొనవలసిన అవసరం ఉందా? టంకశాల గుర్తును బట్టి ధర మారే సంవత్సరాలలో గుర్తును చెరిపినవి, అతికించినవి ఉండవచ్చు. అక్కడ పరీక్ష సార్థకం. తక్కువ అంకె వచ్చినా ఖర్చు గిట్టుతుందా? ఉన్నతమైన అంకె వస్తేనే గిట్టుబాటయ్యేది వ్యాపారం కంటే జూదానికే దగ్గర. కొనబోయేవారు ఆ పేటికకు విలువ ఇచ్చేవారేనా? మరొక జాగ్రత్త కూడా అవసరం. మన ఇళ్లలో పాత నాణేలను చింతపండుతో తోమి మెరిపించడం ఆచారం. అలా శుభ్రపరచిన నాణెం అసలుదని ధ్రువపరచినా, ఆ సంస్థలు సాధారణంగా అంకె ఇవ్వవు. మెరుపు వచ్చినచోటనే విలువ పోతుంది.

అంకె చెప్పలేనిది మరొకటి ఉంది. కోటిలింగాలలో లభించిన సిముకుని నాణేలు, పెద్దబంకూరు తవ్వకాలలో బయటపడిన వేలాది శాతవాహన నాణేలు అరిగినవే, చిలుము పట్టినవే. అయినా అవి దొరికిన చోటు తెలియడం వలన తెలంగాణ తొలి చరిత్రను తిరిగి వ్రాయడానికి ఆధారాలయ్యాయి. స్థితిని మాత్రమే కొలిచే కొలమానం వాటికి అట్టడుగు అంకెలే ఇస్తుంది. ఆధునిక నాణేనికి కూడా ఇటువంటి జీవితచరిత్ర ఉండవచ్చు. ఏ ఊరి నుండి ఏ ఊరికి వలసపోయిన కుటుంబం ఏ సంవత్సరంలో దానిని దాచిందో ఒక చీటీపై వ్రాసి నాణెంతో ఉంచితే, రేపటి పరిశోధకునికి అది ప్లాస్టిక్ పేటిక కంటే ఎక్కువ ఉపకరిస్తుంది.

ఈ దిశగా ప్రదర్శనశాలలు, సాంస్కృతిక శాఖలు చేయగలిగినది ఎంతో ఉంది. టంకశాల గుర్తులు, సాధారణంగా లభించే సంవత్సరాలు, అరుదైనవి తెలిపే చిన్న పుస్తకాలు తెలుగులో తక్కువ ధరకు వెలువడాలి. వలస ప్రాంతాలలోని తెలుగు పాఠశాలలకు, సంఘాలకు కూడా అవి చేరాలి. నాణెం చేతిలోకి రాగానే నక్షత్రాన్ని, సంవత్సరాన్ని చదవగలిగిన వ్యక్తి లక్షల ఆశ చూపే మాటకు వెంటనే లోబడడు. ఆధునిక నాణేలలో నూటికి ఏ ఒక్కటో రెండో తప్ప గ్రేడింగు ఖర్చుకు తగినవి కావు. ఆ ఒకటి రెండింటిని గుర్తించగల కన్నును పెంపొందించుకోవడమే సేకర్త మొదట చేయవలసిన పని.