పానుగంటి గడపలో ఏడు గీతలు

రాత్రి పదిన్నర. నువ్వు నేల మీద కూర్చున్నావు. యూరియా సంచులు కుట్టి పరిచిన పట్టా కింద నుంచి చల్లదనం పైకి ఎక్కుతోంది. ముందు వరుసలో పిల్లలు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు, చివర్న గట్ల మీద బీడీలు వెలిగించుకున్న మొగవాళ్ళు. వేపచెట్టు అవతల పానగల్ కొండ ఉంది, కానీ కనిపించదు. చుక్కలు ఎక్కడ ఆగిపోయాయో అక్కడి నుంచి కొండ అని తెలుసుకోవాలి. పగలైతే ఏడు గోడల శిథిల ఖిల్లా. ఈ రాత్రికి మాత్రం ఉత్త చీకటి ముద్ద.

వనపర్తి జిల్లాలో ఒక ఊరు. బాలనాగమ్మ భాగోతం.

హార్మోనియం శ్రుతి సర్దుకుంటోంది. తెర అంటే ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకున్న దుప్పటి. బాలనాగమ్మ వేషం కట్టింది ఊళ్ళో ట్రాక్టరు నడిపే కుర్రవాడు. ముఖమంతా అర్దళం పూశారు, మోచేతుల దగ్గర మరిచిపోయారు. పసుపు పచ్చ ఆగిపోయిన చోట నల్లటి చర్మం, గోళ్ళ సందుల్లో గ్రీజు. ఒంటి మీద వాళ్ళమ్మ గద్వాల చీర. నూలు బట్టకు విడిగా నేసిన పట్టు అంచు కలిపి ఉంటుంది కదా, ఆ అంచు దీపం వెలుగులో నిప్పు గీతలా కదులుతోంది. ఇంతకు మించి ఇక్కడ కథకు ఏమీ అక్కరలేదు. ఇదే నేల మీద, నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర ఒక్కటి భుజాన వేసుకుని పండుగ సాయన్న కథ పాడుతూ ఊరూరా తిరిగారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు.

కథ మొదలైంది. నవభోజరాజు, భూలక్ష్మి, పిల్లలు లేని బాధ, జటంగి ముని వరం, ఏడుగురు ఆడపిల్లలు. తల్లి చనిపోతుంది. సవతితల్లి వస్తుంది. పిల్లలను అడవిలో వదిలేస్తారు. ఏడుగురు అక్కచెల్లెళ్ళను ఏడుగురు అన్నదమ్ములు పెళ్ళాడతారు. చిన్నది బాలనాగమ్మ, మొగుడు కార్యవర్ధిరాజు. ఊరు పానుగంటి. ఆ పేరు వినపడగానే చుట్టూ ఉన్న తలలు తమకు తెలియకుండానే కొండ వైపు తిరుగుతాయి. నీ తల కూడా.

నీకు నిద్ర వస్తోంది. పక్కన కూర్చున్న అవ్వ మోచేత్తో పొడుస్తుంది.

"లే బిడ్డా. ఇగ వస్తడు వాడు."

కళ్ళు నులుముకుంటావు. తెరిచేసరికి గడప లోపల ఉన్నావు.

నువ్వే బాలనాగమ్మవి.

మధ్యాహ్నం. ఉయ్యాలలో పిల్లవాడు. నీ కాలి బొటనవేలికి కట్టుకున్న తాడుతో ఉయ్యాల ఊపుతూ బియ్యంలో రాళ్ళు ఏరుతున్నావు. మొగుడు యుద్ధానికి పోయాడు. పోతూ తలారి రాముడిని కాపలా పెట్టాడు. రాముడు వాకిట్లో ఏడు గీతలు గీశాడు. ఈ కథ ఒక్కో ఊళ్ళో ఒక్కో తీరుగా చెప్తారు. ఈ రాత్రి మాత్రం ఏడు గీతలు. "తల్లీ, ఏమైనా గానీ ఇవి దాటకు" అన్నాడు రాముడు.

"భిక్షాం దేహి."

గొంతు మెత్తగా ఉంది. తల ఎత్తుతావు. ఏడో గీత అవతల ఒక ముసలి బిచ్చగాడు. కాళ్ళకు దుమ్ము, చేతిలో జోలె, పెదవులు ఎండి పగిలాయి. ఈ ఎండలో ఎంత దూరం నడిచి వచ్చాడో! చేట తీసుకుని లేస్తావు. మొదటి గీత దగ్గర ఆగి, చేయి చాపుతావు.

"గీత లోపలి నుంచి పెట్టిన భిక్ష మేము ముట్టం తల్లీ."

అతను కోప్పడలేదు. జోలె దులుపుకున్నాడు. వెళ్ళబోతూ ఒక్కసారి ఉయ్యాల వైపు చూశాడు.

"పసిపిల్లవాడున్న ఇల్లు. ఉత్త చేతులతో పోతున్నా."

ఇప్పుడేం చేస్తావు?

తలుపు వేసుకోవచ్చు. రాముడిని కేకవేయవచ్చు. కానీ గడప ముందు నుంచి ఆకలితో ఒక మనిషి తిరిగిపోతే, ఆ ఉసురు ఎవరికి తగులుతుంది? ఉయ్యాలలో వాడికి. నిన్ను పెంచినవాళ్ళు నేర్పిన మంచి అంతా ఈ క్షణంలో నిన్ను ముందుకు తోస్తోంది. ఆ బిచ్చగాడికి అది తెలుసు. అందుకే కత్తి తేలేదు. జోలె తెచ్చాడు.

ఒక గీత దాటుతావు. రెండు. మూడు.

ఏమీ కాలేదు.

నాలుగు. ఐదు. పిల్లవాడు కదిలాడు. వెనక్కి చూస్తావు. ఆరు.

ముసలివాడి పెదవుల మీద పగుళ్ళు లేవు.

ఏడు.

బియ్యం చెల్లాచెదురు. నేల దగ్గరికి వచ్చేసింది. గడప ఎత్తుగా ఉంది. వాసనలు ముంచెత్తుతున్నాయి. దుమ్ము. చెమట. ఉయ్యాలలో పాల వాసన. "నాయనా" అని అరవబోతావు. మొరుగు వస్తుంది. చేతులు చాపబోతావు. పంజాలు.

నువ్వు కుక్కవి.

మెడకు తాడు పడింది.

జనంలో ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. ఈ భాగోతం చాలాసార్లు చూశాను. ఇది నాకు మనసులో నాటుకుపోయిన చోటు. బాలనాగమ్మది తెలివితక్కువ పని అని ఈ పట్టా మీద కూర్చున్న ఏ ఆడమనిషీ ఇంతవరకు అనగా వినలేదు. ఇది పాలమూరు నేల. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. మొగవాళ్ళు ముంబయికో పూణెకో పనికి పోతే పసిపిల్లలతో ఒంటరిగా ఇల్లు కాచినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎందరో. మెత్తటి గొంతుతో గడప ముందుకు వచ్చేవాళ్ళు ఎలా ఉంటారో వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. వాళ్ళ పిల్లలు ముందు వరుసలో ఉన్నారు. "మా అమ్మ ఏది" అని అవ్వనో పెద్దమ్మనో అడిగి పెరిగిన పిల్లలు కూడా ఆ వరుసలోనే ఉన్నారు.

నాగళ్ళపూడి గట్టు.

ఇక్కడ నీకు నీ రూపం తిరిగి వచ్చింది. ఎదురుగా వాడు. మాయల మరాఠీ. కొందరు మాయల ఫకీరు అంటారు. జెమినీ వాళ్ళు 1942లో తీసిన సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు వేసిన వేషం ఇదే. వాడి పక్కన సంగు, వాడి ఉంపుడుగత్తె. ఆమె నిన్ను తల నుంచి కాళ్ళ దాకా చూస్తోంది. నీ మీద ఆమెకు జాలి లేదు. తన చోటు పోతుందన్న భయం ఉంది.

"నన్ను పెళ్ళాడు" అంటాడు వాడు.

కాదంటే రాయివి అవుతావు. సరే అంటే అంతకంటే ఘోరం. రెండూ కాని మాట ఒకటి కావాలి. ఇప్పుడే కావాలి. వాడు మంత్రదండం తిప్పుతున్నాడు. నీ నోరు ఎండిపోయింది.

"వ్రతం పట్టాను."

దండం ఆగింది.

"పద్నాలుగేళ్ళ వ్రతం. అయ్యేదాకా నన్ను తాకితే నువ్వు బూడిద అవుతావు."

వాడు నమ్మాడో లేదో నీకు తెలియదు. కానీ తాకలేదు. మనుషులను కుక్కలను చేసేవాడు, సైన్యాలను ఆపేవాడు, ఒక ఆడమనిషి నోటి మాటకు ఆగిపోయాడు. ఆ మాటను పద్నాలుగేళ్ళు నిలబెట్టడం ఇక నీ యుద్ధం. రోజూ పొద్దున స్నానం, పూజ, మౌనం. ఒక్క రోజు తడబడినా సంగు కనిపెడుతుంది.

కిటికీలోంచి కింద చూస్తావు. రాళ్ళు. గట్టు పొడుగునా రాళ్ళు.

వాటిలో ఒకటి నీ మొగుడు. నిన్ను వెతుక్కుంటూ సైన్యంతో వచ్చాడు. మరాఠీ దండం ఎత్తాడు. గుర్రం మీద ఉన్నవాడు గుర్రం మీదే, అరుస్తున్నవాడు నోరు తెరిచే, అందరూ రాళ్ళయ్యారు. పొద్దున పావురాలు వచ్చి కార్యవర్ధిరాజు భుజం మీద వాలతాయి. నువ్వు కిటికీ ఊచలు పట్టుకుని చూస్తావు.

గద్వాల నుంచి వనపర్తి దాకా బస్సులో వచ్చినవాళ్ళకు ఈ రాళ్ళు తెలుసు. ఒకదాని మీద ఒకటి, పడిపోతాయేమో అనిపించేలా నిలబడిన గుండ్లు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ కిందటి గ్రానైటు, పగుళ్ళిచ్చి, ఎండకూ వానకూ మూలలు అరిగి గుండ్రనయింది. ఆ సంగతి బళ్ళో చెప్తారు. కానీ చిన్నప్పుడు ఈ కథ విన్న పిల్లలకు ఒక్కో గుండు ఒక్కో మనిషి. గుర్రం ఎక్కినవాడు ఒకడు. వంగినవాడు ఒకడు. ఇంకా లేవాల్సినవాళ్ళు.

పద్నాలుగేళ్ళు గడిచాయి. తబలా దరువు మారింది.

ఇప్పుడు నువ్వు ఆ ఉయ్యాలలో పిల్లవాడివి, బాలవర్ధివి.

గిల్లీదండా ఆడుతున్నావు. గెలిచావు. ఓడినవాడు ఉక్రోషంతో అన్నాడు: "అమ్మ లేనోడివి, నీకెందుకురా ఇంత పొగరు?"

ఇంటికి పోయి పెద్దమ్మలను అడుగుతావు. ఆరుగురూ తల దించుకున్నారు. చివరికి ఒకామె చెప్పింది. ఆ రాత్రే బయలుదేరావు.

గట్టు కింద ఒక పూల ముసలమ్మ ఉంది, తంబళి పెద్ది. రోజూ బాలనాగమ్మ పూజకు దండ కట్టి ఇచ్చేది ఆమె. "అవ్వా, నీ మనవణ్ణి" అని ఆమె ఇంట్లో చేరతావు. ఒక రోజు దండ నువ్వు కడతావు. మల్లెల మధ్య నీ ఉంగరం దాచి కడతావు. దండ గట్టు ఎక్కింది. నువ్వు కింద గుంజ పట్టుకుని నిలబడ్డావు. సంగు చూస్తే? వాడి చేతికి పడితే?

ముసలమ్మ దిగి వచ్చింది. చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. "దండ రెండు కళ్ళకూ అద్దుకున్నది బిడ్డా."

వాడిని చంపడం ఎలా? కత్తికి చావడు. నిప్పుకు కాలడు. ఆ రహస్యం వాడి నోటి నుంచే రావాలి. రాబట్టగలిగింది ఒక్క అమ్మే. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె వాడి ముందు నవ్వింది. "వ్రతం అయిపోవచ్చింది. రేపు నిన్ను కట్టుకున్నాక నీకేమన్నా అయితే నా గతేమిటి?" వాడు పొంగిపోయాడు. చెప్పేశాడు. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు. అక్కడ పంజరం. అందులో చిలుక. ఆ చిలుకలో వాడి ప్రాణం.

ప్రాణాన్ని ఒంట్లో ఉంచుకోకుండా అంత దూరం ఎందుకు దాచాడు? ఎవరినీ నమ్మనివాడు ఎక్కడైనా అదే చేస్తాడు కాబోలు. రష్యా కథల్లో కష్చేయ్ తన చావును సూది మొనలో దాచాడు. సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో.

సముద్రం ఒడ్డున చెట్టు కింద పడుకున్నావు. బుస వినపడింది. పాము చెట్టెక్కుతోంది. పైన గూట్లో గండభేరుండ పిల్లలు. కత్తి నీ చేతికి ఎలా వచ్చిందో తెలియదు. పాము రెండు ముక్కలయింది. చీకటి పడేవేళ తల్లిపక్షి వాలితే గాలికి చెట్టు వంగింది. చచ్చిన పామును చూసింది. నీ ముందు రెక్క దించింది.

ఎక్కు.

కింద నీళ్ళు. ఈకలను పిడికిళ్ళతో పట్టుకున్నావు. చెవుల్లో గాలి హోరు. నీకంటే ముందు ఇలాంటి రెక్కల మీద ఎందరో పిల్లలు ఎక్కారు. 1868లో మేరీ ఫ్రియర్ అనే అమ్మాయి, బొంబాయి గవర్నరు కూతురు, తన ఆయా అన్నా లిబరాటా డిసౌజా చెప్పిన కథలను 'ఓల్డ్ డెక్కన్ డేస్' పేరుతో పుస్తకంగా వేసింది. అందులో మొదటి కథలోనే ఒక మాంత్రికుడు, ఏడుగురు అక్కచెల్లెళ్ళలో చిన్నదాన్ని ఎత్తుకుపోతాడు, మొగుణ్ణి రాయిని చేస్తాడు, ప్రాణం చిలుకలో దాస్తాడు. ఆ చిన్నదాని పేరు బాల్నా. ఆయాకు ఆ కథలు చెప్పింది వాళ్ళ అవ్వ. ఇప్పుడు నీ పక్కన కూర్చుని నిన్ను మోచేత్తో పొడిచింది కూడా ఒక అవ్వే.

మర్రిచెట్టు. పంజరం. చేయి పెడతావు. చిలుక కరిచింది. వదలవు. వెచ్చగా ఉంది. నీ అరచేతిలో దాని గుండె కొట్టుకుంటోంది.

తిరిగి గట్టు మీద.

వాడు నీ చేతిలోది చూశాడు. ముఖం పాలిపోయింది. దండం ఎత్తబోయాడు.

రెక్క విరిచావు.

వాడి చేయి వేలాడింది. దండం దొర్లింది.

"ఇవ్వు. ఏం కావాలన్నా ఇస్తా." మళ్ళీ ఆ మెత్తటి గొంతు. గడప ముందు అమ్మ విన్న గొంతు. "రాజ్యం ఇస్తా. బిడ్డా, ముసలివాణ్ణి."

చిలుక మెడ నీ వేళ్ళ మధ్య ఉంది. నొక్కితే చాలు. కానీ వాడు చస్తే రాళ్ళు?

"ముందు వాళ్ళను లేపు."

"నన్ను వదిలేస్తావా?"

జవాబు చెప్పవు. రెండో రెక్క మీద వేలు పెడతావు.

వాడు మంత్రం అన్నాడు.

తబలా ఆగిపోయింది. ఆట మొదటి నుంచీ గొంగళ్ళు కప్పుకుని వరుసగా కూర్చున్న ఏడెనిమిది మంది కుర్రవాళ్ళు, ఈ రాత్రి రాళ్ళు, ఒక్కొక్కరే కదులుతున్నారు. ఒక గొంగడి జారింది. ఇంకొకటి. వెనక ఎవరో ఏడుస్తున్నారు. నీ వేళ్ళు బిగిశాయి. చిలుక మెడ విరిగింది. వాడు కూలిపోయాడు. ఎవరూ అటు చూడలేదు.

అందరూ చివరి గొంగడి వైపే చూస్తున్నారు. అది కదలలేదు.

నువ్వు నడుస్తావు. నల్ల గొంగడి అంచు పట్టుకుని మెల్లగా ఎత్తుతావు. మనిషి చేయి అడ్డం పెట్టుకుని వెలుగును చూశాడు. మీసాలు ఇంకా నల్లగా ఉన్నాయి. రాయికి వయసు రాదు. నీకంటే ఎంతో పెద్దవాడిలా లేడు. నిన్ను చూశాడు. గుర్తుపట్టలేదు.

"ఎంతసేపు పండుకున్న?" అని అడిగాడు.